పగలు ఊదితే నార్మల్, రాత్రి పడుకుంటే పిల్లికూతలు

తెల్లవారుజామున మూడున్నరకి మెలకువ వస్తుంది. గుండెల మీద ఎవరో పొత్రం పెట్టినట్టు బరువు. ఊపిరి వదిలినప్పుడల్లా లోపల పిల్లికూన కూసినట్టు సన్నటి చప్పుడు. లేచి కూర్చుని, కిటికీ తలుపు తీసి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి ముందుకు వంగి ఉంటే అరగంటకి సర్దుకుంటుంది. తెల్లారేసరికి ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఆ మనిషే పదకొండింటికి ఊపిరితిత్తుల పరీక్షకి వెళ్తాడు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి, "గట్టిగా పీల్చండి... ఇప్పుడు ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా ఇంకా" అని టెక్నీషియన్ కేకలేస్తుంటే మొహం కందగడ్డ అయ్యేదాకా ఊదుతాడు. తర్వాత శ్వాసనాళాల్ని వదులుచేసే సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు పీల్పించి, పావుగంట బల్ల మీద కూర్చోబెట్టి, మళ్ళీ ఊదిస్తారు. రిపోర్టు చేతికొస్తుంది. అంతా నార్మల్. మందు తర్వాత పెరిగింది నాలుగు శాతం, అది లెక్కలోకి రాదు. ఇంటికొచ్చాక "చెప్పానా, అంతా నీ టెన్షనే" అని ఎవరో ఒకరు అననే అంటారు.

రిపోర్టులో తప్పు లేదు. రాత్రి వచ్చిన ఆయాసంలోనూ అబద్ధం లేదు. డాక్టర్లు మైల్డ్ ఆస్తమా అనే స్వల్ప ఉబ్బసం ఈ రెంటి మధ్య సందులో దాక్కుంటుంది. శ్వాసనాళం ఎప్పుడూ ఇరుగ్గా ఉండడం వేరు, చీటికీ మాటికీ ఇరుకైపోయే గుణం ఉండడం వేరు. ఈ రెండోదాన్ని పట్టుకోవాలంటే మామూలుగా ఊదిస్తే సరిపోదు.

ఊపిరిని గొట్టంలోకి ఊదించి కొలవడం కొత్త విద్యేమీ కాదు. జాన్ హచిన్సన్ అనే డాక్టరు 1846లో తన స్పైరోమీటర్ గురించి లండన్‌లో వివరంగా ప్రకటించాడు. అప్పటికే 2000 మందికి పైగా ఊపిరి కొలిచి ఉన్నాడు. అయితే ఆయన చూసింది మనిషి మొత్తం ఎంత గాలి వదలగలడు అన్నది. ఎంత వేగంగా వదలగలడన్నదే ఆయాసం గుట్టు విప్పుతుందని తేలడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. మొదటి సెకనులో బయటికొచ్చిన గాలిని విడిగా లెక్కగట్టాలన్న ఆలోచన 1947లో పారిస్‌లో రాబర్ట్ తిఫ్నోది. ఇవాళ రిపోర్టుల్లో ఎఫ్ఈవీ1 అని కనిపించే అంకె అదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు వదలగలిగిన గాలిలో ముప్పాతిక వంతో, అంతకంటే ఎక్కువో ఆ ఒక్క సెకనులోనే వదిలేస్తారు. నాళాలు బిగుసుకుని ఉన్నవాళ్ళకి ఆ సెకను చాలదు.

మందు ఇచ్చి మళ్ళీ ఊదించేది ఆ బిగింపు వదులుతుందా అని చూడడానికి. 2005 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఎఫ్ఈవీ1 కనీసం 12 శాతం, దాంతోపాటు కనీసం 200 మిల్లీలీటర్లు పెరిగితే మందుకి స్పందించినట్టు. 2021లో ఆ కొలత మార్చి, ఆ వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన అంకెలో 10 శాతానికి మించి పెరగాలన్నారు. అంకె ఏదైనా చిక్కు ఒకటే. పగటి పూట స్వల్ప ఉబ్బసం ఉన్న మనిషి నాళాలు చాలావరకు తెరుచుకునే ఉంటాయి. బార్లా తీసి ఉన్న తలుపుని ఇంకా ఎంతని తీస్తాం? కాబట్టి మందుకి స్పందన లేకపోతే జబ్బు లేదని అర్థం చెప్పుకోకూడదు. ఆ పూట బిగింపు లేదు, అంతవరకే.

తలుపు తీసి చూసి లాభం లేనప్పుడు, మూసి చూడాలి. ఉబ్బసం పరీక్షల్లో నాకు అన్నిటికంటే తమాషాగా అనిపించేది ఇదే. రోగికి ఏ బాధ ఉందంటున్నాడో దాన్నే డాక్టర్లు కొద్దికొద్దిగా, కొలత ప్రకారం, చేతులారా తెప్పిస్తారు.

అందుకు వాడేది మెథకోలిన్. మన నరాలు కండరాలతో మాట్లాడటానికి వాడే అసిటైల్‌కోలిన్‌కి ఇది దగ్గరి చుట్టం. శ్వాసనాళాల చుట్టూ మెలికలు తిరిగి ఉండే నునుపు కండరానికి ఇది తగిలితే బిగుసుకుంటుంది. అందరికీ బిగుసుకుంటుంది, ఉబ్బసం ఉన్నా లేకపోయినా. ఎంత మందుకి బిగుసుకుంటుంది అన్నదే ప్రశ్న. అత్తిపత్తి మొక్కని తలుచుకోండి. గట్టిగా కదిపితే ఏ అత్తిపత్తి అయినా ఆకులు ముడుస్తుంది. ఊపిరి తగిలితేనే ముడుచుకునే మొక్క ఉంటే, దానికి ఆ గుణం కాస్త ఎక్కువ అంటాం. ఇంట్లో మిరపకాయల పోపు మాడితే ఇంటిల్లిపాదీ దగ్గుతారు, ఒక్కరికి మాత్రం అది దగ్గుతో ఆగదు.

ముందు వట్టి ఉప్పునీటి ఆవిరి పీల్పిస్తారు. తర్వాత అతి పలుచటి మెథకోలిన్ ద్రావణం, ఆ తర్వాత దానికి రెట్టింపో నాలుగింతలో చిక్కనిది, అలా మెట్టు మెట్టుగా. ప్రతి మెట్టు తర్వాతా ఊదిస్తారు. ఎఫ్ఈవీ1 మొదటి అంకెలో 20 శాతం పడిపోగానే ఆపేసి, సాల్బుటమాల్ ఇచ్చి నాళాలు తెరిపిస్తారు. అందుకే ఇది వీధి చివరి ల్యాబ్‌లో చేసే పని కాదు. అన్ని ఏర్పాట్లూ ఉన్న ఆసుపత్రిలోనే, అదీ మొదటి ఊదుడు బాగున్నవాళ్ళకే చేస్తారు. మిల్లీలీటరుకి 16 మిల్లీగ్రాముల ద్రావణం పీల్చినా 20 శాతం పడకపోతే నాళాలు మామూలువి. 4 నుంచి 16 మధ్యలో పడితే సందేహం. 1 నుంచి 4 మధ్య పడితే స్వల్పంగా అతిస్పందన ఉన్నట్టు. 1 కంటే తక్కువకే పడిపోతే గట్టిదే. 2017 నుంచి ద్రావణం చిక్కదనానికి బదులు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన మందు మొత్తాన్నే మైక్రోగ్రాముల్లో లెక్కపెట్టమంటున్నారు. పరికరానికీ పరికరానికీ తేడా రాకుండా ఉండడానికి అది మంచి మార్పే.

ఈ మెట్ల పద్ధతిని అందరూ ఒకేలా చేయగలిగేటట్టు తీర్చిదిద్దింది కెనడాలో హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు. కాక్‌క్రాఫ్ట్, హార్‌గ్రీవ్, వారి సహచరులు మెథకోలిన్ లాగే నాళాల్ని బిగించే హిస్టమిన్‌తో 1977లో చేసిన పని అది. ఎంత తక్కువ మోతాదుకి నాళాలు బిగుస్తాయో, ఆ మనిషికి రోజువారీ మందు అంత ఎక్కువ కావాల్సి వస్తోందని వాళ్ళు గమనించారు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. జలుబు చేసి తగ్గిన కొన్ని వారాల దాకా, తుమ్ములూ ముక్కు కారడమూ ఉన్న కొందరిలో ఏడాది పొడవునా, ఉబ్బసం లేకుండానే ఈ గుణం కనిపించవచ్చు. కాబట్టి ఈ పరీక్ష ఉబ్బసం ఉందని తేల్చడం కంటే లేదని తేల్చడంలోనే గట్టిది.

తక్కువ మోతాదుకే బిగియడం కథలో సగం. ఎంతదాకా బిగుస్తుందన్నది రెండో సగం, నా దృష్టిలో ఎక్కువ భయపెట్టేది కూడా. ఆరోగ్యవంతులకి మెథకోలిన్ మోతాదు పెంచుతూ పోతే నాళాలు కొంత బిగిసి, ఆ తర్వాత ఎంత ఇచ్చినా ఇక బిగియవు. గీతగా గీస్తే కొండెక్కి పీఠభూమి మీద నడిచినట్టుంటుంది. సిడ్నీలో ఆన్ వుల్‌కాక్ బృందం 1984లో చూపించిందేమిటంటే, ఉబ్బసం ముదిరేకొద్దీ ఆ పీఠభూమి పైకి జరుగుతుంది, చివరికి మాయమవుతుంది. ఇక గీత నిటారుగా పోతూనే ఉంటుంది. నాళం వ్యాసార్థం సగమైతే గాలికి అడ్డు రెట్టింపు అవుతుందనుకుంటాం. పొయ్‌సెయ్ సూత్రం ప్రకారం అది పదహారింతలు అవుతుంది. ఆఖరి మిల్లీమీటర్ల దగ్గర జరిగే చిన్న బిగింపు కూడా అందుకే అంత ఘోరంగా తెలుస్తుంది.

ఆరోగ్యవంతుల నాళాలు ఒక చోట ఎందుకు ఆగిపోతాయి? ఇక్కడే నాకు నచ్చిన ప్రయోగం ఒకటుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో స్క్లూట్, పెర్ముట్, టోగియాస్ 1995లో ప్రచురించారు. ఉబ్బసం లేని మనుషుల్ని కూర్చోబెట్టి, పరీక్ష సాగుతున్నంతసేపూ గాఢంగా ఊపిరి తీసుకోవద్దన్నారు. నిట్టూర్చకూడదు, ఆవులించకూడదు. ఇప్పుడు మెథకోలిన్ ఇస్తే వాళ్ళ నాళాలు ఉబ్బసం వాళ్ళ నాళాల్లాగే బిగుసుకుపోయాయి. తర్వాత గాఢంగా నాలుగు ఊపిర్లు తీసుకోనిస్తే చాలావరకు తెరుచుకున్నాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ గాఢ శ్వాస అంతగా పని చెయ్యలేదు.

అంటే మనం గంటకి కొన్నిసార్లు తెలియకుండానే తీసే నిట్టూర్పు ఒక మందు. ఊపిరితిత్తులు నిండా ఉబ్బినప్పుడు చుట్టూ ఉన్న కణజాలం నాళాల గోడల్ని నాలుగు వైపులా లాగుతుంది, బిగిసిన కండరం సాగుతుంది, పట్టు వదులుతుంది. గాఢ శ్వాస నాళాల్ని తెరుస్తుందని శాన్‌ఫ్రాన్సిస్కోలో నాడెల్, టియర్నీ 1961లోనే చూశారు. ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఈ ఇంటి వైద్యం పని తప్పుతుంది. కండరం సాగినా వెంటనే మళ్ళీ ముడుచుకుంటుంది. వాచిన గోడ, కండరానికీ ఊపిరితిత్తికీ మధ్య ఉన్న లంకెని వదులు చేస్తుందని కూడా అంటారు. ఏదైనా, నిట్టూర్పు ఊరట ఇవ్వడం కావ్యాల మాటే కాదన్నమాట, శరీరధర్మం కూడా.

సొంత మందు పని తప్పినవాళ్ళకి బయటి మందు కావాలి. ఆడ్రినలిన్ ఉబ్బసాన్ని తగ్గిస్తుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తెలుసు. దాని తమ్ముడు ఐసోప్రినలిన్‌ని 1956లో కొలత ప్రకారం చిమ్మే పంపులో పెట్టి అమెరికాలో రైకర్ సంస్థ అమ్మింది. ఉబ్బసం ఉన్న ఓ పదమూడేళ్ళ అమ్మాయి ఆ సంస్థలో పెద్ద పదవిలో ఉన్న తండ్రిని, నా మందు కూడా జుట్టుకి కొట్టుకునే స్ప్రేలా ఎందుకు ఉండకూడదని అడగడమే దానికి మూలమని చెబుతారు. పంపు మంచిదే, మందు గుండెని కూడా పరుగెత్తించేది. 1960ల్లో బ్రిటన్‌లో ఉబ్బసం చావులు ఒక్కసారిగా పెరిగితే, గాఢమైన ఐసోప్రినలిన్ పంపుల మీద అనుమానం పడింది. ఈలోగా, ఇలాంటి మందులు పట్టుకునే బీటా గ్రాహకాల్లో గుండెలో ఎక్కువగా ఉండేవి ఒక రకం, శ్వాసనాళాల్లో ఉండేవి మరో రకం అని 1967లో తేలింది. రెండో రకాన్నే పట్టుకునే సాల్బుటమాల్‌ని డేవిడ్ జాక్ బృందం ఇంగ్లండ్‌లో తయారుచేసింది, 1969లో అది బజారులోకొచ్చింది. అయిదు నిమిషాల్లో పని మొదలు, నాలుగైదు గంటలు పట్టు. కండరం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సందేశ రసాయనం పెరుగుతుంది, బిగింపుకి కావాల్సిన కాల్షియం తగ్గుతుంది, కండరం వదులవుతుంది.

కాఫీకీ ఇందులో చిన్న వాటా ఉంది. తానూ ఉబ్బసం రోగే అయిన హెన్రీ హైడ్ సాల్టర్ 1860లో ఉబ్బసం మీద రాసిన పుస్తకంలో చిక్కటి కాఫీని మంచి మందుగా చెప్పాడు. కెఫీన్, ఉబ్బసానికి చాలాకాలం వాడిన థియోఫిల్లిన్ ఒకే కుటుంబంవి. నాళాల్ని కొద్దిగా తెరిచే గుణం కెఫీన్‌కి నిజంగానే ఉంది. పరీక్షకి వచ్చేముందు కాఫీ, టీ తాగొద్దని చాలాచోట్ల చెప్పేది అందుకే. ఫిల్టర్ కాఫీ లేనిదే పొద్దు గడవని వాళ్ళకి ఊదడం కంటే ఇదే కష్టమైన పరీక్ష.

ఇక్కడ మనవాళ్ళ భయం ఒకటి చెప్పుకోవాలి. "పంపు మొదలుపెడితే అలవాటైపోతుంది, మాత్రలే నయం" అనే మాట వినని తెలుగు ఇల్లు అరుదు. సాల్బుటమాల్ పంపు ఒక పఫ్‌కి ఇచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రలో 2 గానీ 4 గానీ మిల్లీగ్రాములు, అంటే ఇరవై నుంచి నలభై రెట్లు. అది ఒళ్ళంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడ పుట్టించి, మిగిలింది ఊపిరితిత్తులకి చేరుతుంది. భయం ఉండాల్సిందే, గురి మాత్రం తప్పింది.

ఎందుకంటే అలవాటు అనే మాటలో కొంత నిజం లేకపోలేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1992లో స్వల్ప ఉబ్బసం ఉన్న 24 మంది మీద చేసిన అధ్యయనం చూడండి. వాళ్ళలో సగం మందికి సాల్మెటరాల్ అనే దీర్ఘకాలం పనిచేసే మందు, మిగతా సగానికి ఉత్తుత్తి పంపు, ఎనిమిది వారాలు. మొదటి మోతాదు పీల్చాక నాళాలు బిగియడానికి పదింతలు ఎక్కువ మెథకోలిన్ కావాల్సొచ్చింది. అంత గట్టి కవచం! నాలుగు వారాలకి ఆ పదింతలు రెండింతలకి దిగిపోయింది. విచిత్రమేమిటంటే నాళాల్ని తెరిచే శక్తి మాత్రం అలాగే ఉంది. మామూలుగా ఊదించి చూస్తే మందు చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. రోగికీ అలాగే అనిపిస్తుంది. దుమ్మో, పొగో, చలిగాలో వచ్చి తాకినప్పుడు గానీ కవచం పలచబడిందని తెలియదు. బిగింపుని వదిలించడం, బిగింపు రాకుండా కాయడం, ఇవి ఒకే మందు చేసే రెండు వేర్వేరు పనులు. మొదటిది కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

సాల్బుటమాల్‌ని రోజూ క్రమం తప్పకుండా పీల్చితే? స్వల్ప ఉబ్బసం ఉన్న 255 మంది మీద అమెరికాలో చేసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, అవసరమైనప్పుడే వాడినవాళ్ళ కంటే రోజూ పీల్చినవాళ్ళకి ఒరిగిందేమీ లేదు. పెద్దగా చెడిందీ లేదు.

చెడుపు మరో వైపు నుంచి వస్తుంది. ఈ మందు కండరం సంగతి చూస్తుందే తప్ప గోడ లోపలి వాపు జోలికి పోదు. నాళాలకి ఆ అతిచురుకుదనం ఇచ్చేది చాలావరకు ఆ వాపే. వాపుని తగ్గించే, పీల్చే స్టెరాయిడ్ కొన్ని వారాలు వాడితే మెథకోలిన్ పరీక్షలో అంకె మెరుగవుతుంది, సాల్బుటమాల్‌తో అవదు. అలాగని వాపొక్కటే దోషి అనీ అనలేం. సౌతాంప్టన్ పరిశోధకులు 2011లో స్వల్ప ఉబ్బసం వాళ్ళకి రెండేసి రోజుల తేడాతో మూడుసార్లు మెథకోలిన్ ఇచ్చి, తర్వాత నాళాల లోపలి నుంచి చిన్న ముక్క తీసి చూశారు. వాపు కణాలు పెరగలేదు గానీ గోడ మందమెక్కడం మొదలైంది. ముందే సాల్బుటమాల్ ఇచ్చి బిగింపుని ఆపినవాళ్ళలో ఆ మార్పు కనిపించలేదు. బిగియడమే గోడకి ఒక దెబ్బ అన్నమాట. "కాస్త ఆయాసం వచ్చి పోతోందిలే" అని రాత్రుళ్ళు కిటికీ పక్కన ఓర్చుకునే వాళ్ళు ఈ ప్రయోగం గురించి తెలుసుకుంటే బాగుండు.

మరి మనకి మనమే ఎంత బిగిసిందో తెలుసుకోలేమా? ఇందులో మన ఒళ్ళు అంత నమ్మదగిన సాక్షి కాదు. బోస్టన్‌లో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఉబ్బసం రోగులకి వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేశారు: అసలు సాల్బుటమాల్, మందు లేని ఉత్తుత్తి పంపు, ఉత్తుత్తి సూదుల వైద్యం, ఏమీ చేయకుండా కూర్చోబెట్టడం. ఊదించి చూస్తే అసలు మందుకి ఎఫ్ఈవీ1 20 శాతం పెరిగింది, మిగతా మూడింటికీ ఏడు శాతం చొప్పున. "మీకెలా ఉంది?" అని అడిగితే లెక్క తారుమారైంది. అసలు మందుతో 50 శాతం మెరుగన్నారు, ఉత్తుత్తి పంపుతో 45, ఉత్తుత్తి సూదులతో 46. ఏమీ చేయనప్పుడు 21. ఊరట నిజంగానే కలిగింది, నాళం మాత్రం తెరుచుకోలేదు.

మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారి చేపమందు కోసం గంటలకొద్దీ వరసలో నిలబడి, కొర్రమీను పిల్లని గుటుక్కున మింగి, "తేలికైంది" అంటూ వచ్చేవాళ్ళు అబద్ధమాడుతున్నారని నేననను. ఆ తేలికని నాళం లోపల కూడా కొలిచి చూస్తే తప్ప దాని మీద ఆధారపడి మందు మానకూడదని మాత్రం అంటాను. దీనికి రెండో వైపు కూడా ఉంది. నాళాలు సగానికి పైగా మూసుకుపోయినా ఏమీ అనిపించని ఉబ్బసం రోగులు కొందరుంటారు. ఒంట్లో గంట మోగదు. వాళ్ళ గురించే డాక్టర్లు ఎక్కువ బెంగపడతారు.

బిగింపుతో పాటు వాపుని కూడా చూసుకోవాలన్న ఈ తర్కం చికిత్సని మార్చడానికి ఇటీవలి దాకా ఆగాల్సొచ్చింది. సిగ్మా1 అనే పేరుతో 3849 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఆయాసం వచ్చినప్పుడు వట్టి నాళాలు తెరిచే మందు పీల్చినవాళ్ళ కంటే, తెరిచే ఫార్మోటెరాల్‌నీ వాపు తగ్గించే బ్యూడెసోనైడ్ అనే స్టెరాయిడ్‌నీ కలిపిన పంపుని అవసరమైనప్పుడే పీల్చినవాళ్ళలో తీవ్రమైన దాడులు 64 శాతం తక్కువ. రోజూ రెండు పూటలా స్టెరాయిడ్ పీల్చినవాళ్ళు వాడిన మోతాదులో వీళ్ళకి పట్టింది 17 శాతమే. ఊరట కోసం చెయ్యి పంపు మీదికి పోయిన ప్రతిసారీ, మనిషికి తెలియకుండానే వాపుకి కూడా కాస్త మందు పడుతుంది. 2019లో ఉబ్బసం మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం గినా, పెద్దలకీ కౌమారంలో ఉన్నవాళ్ళకీ సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టవద్దంది. సాల్బుటమాల్ బజారులోకొచ్చిన యాభయ్యో ఏడు అది.

మొదట చెప్పుకున్న మనిషికి మెథకోలిన్ పరీక్ష దాకా పోకముందే చేయగలిగిన పని ఒకటుంది. పీక్‌ఫ్లో మీటరు. మార్టిన్ రైట్ 1959లో చేసిన పరికరానికి ఇప్పటి చేతిలో పట్టే రూపం, మందుల షాపులో కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. పొద్దున లేవగానే మూడుసార్లు, రాత్రి పడుకోబోయేముందు మూడుసార్లు నిలబడి ఊది, పెద్ద అంకెని గోడ మీది క్యాలెండర్లో తిథి పక్కన రాసుకోవాలి. రెండు వారాలు. పొద్దున 380, రాత్రి 470 వచ్చిందనుకోండి. తేడా 90, సగటు 425, అంటే 21 శాతం. ఈ రోజువారీ ఊగిసలాట రెండు వారాల సగటున 10 శాతం దాటితే పెద్దవాళ్ళలో ఉబ్బసం ఉందనడానికి అది గట్టి ఆధారం. ఆ అంకెల్ని కలుపుతూ పెన్సిల్‌తో గీత గీస్తే రంపం పళ్ళలా వస్తుంది. ఆ రోజు పదకొండింటికి ల్యాబ్‌లో ఊదినప్పుడు అతనున్నది ఆ రంపంలో ఓ పంటి మొన మీద.